మీ ప్రశ్నలు – మా జవాబులు: గవర్నమెంట్‌కి అమ్మే చిన్న కంపెనీల సందేహాలు

పోయిన నెల ఈ శీర్షికలో, చిన్న, మధ్యతరహా కంపెనీలు నడిపేవాళ్ళు ప్రభుత్వ ఆఫీసులకి సరుకో సర్వీసో ఇచ్చేటప్పుడు ఎక్కడ ఇరుక్కుంటున్నారో రాయండి అని అడిగాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి, అదీ రకరకాల దేశాల్లో ఉన్న పాఠకుల నుంచి, కాబట్టి ఒక్క దేశం రూలు పట్టుకుని చెప్పకుండా అన్నిచోట్లా పనికొచ్చేలా చెప్పడానికి ట్రై చేశా, అవసరమైనచోట ఏ దేశంలో ఏ చట్టం ఉందో కూడా రాశా. నేను చాలా ఏళ్ళు కొనుగోళ్ళ సెక్షన్‌లో కూర్చుని టెండర్లు తెరిచినవాణ్ణి, ఇప్పుడు టేబుల్‌కి అవతలి వైపు కూర్చుని చిన్న కంపెనీలకి బిడ్లు వేయడంలో సాయం చేస్తున్నా. రెండు వైపులా చూశాను కాబట్టి తెలిసింది తెలిసినట్టే చెప్తున్నా.

ప్రశ్న: సర్, మాది పన్నెండు మంది పనిచేసే ప్రింటింగ్ యూనిట్. గవర్నమెంట్ టెండర్లు వేద్దామంటే మా పార్ట్‌నర్ "అవన్నీ ముందే ఫిక్స్ అయిపోయి ఉంటాయి, పెద్దవాళ్ళకే వస్తాయి, టైమ్ వేస్ట్" అంటున్నాడు. నిజంగా మాలాంటివాళ్ళకి ఛాన్స్ ఉందా?

ఉందండీ. మీ పార్ట్‌నర్ మాటలో కొంత నిజం కూడా ఉంది, దాని దగ్గరికి కూడా వస్తా.

ముందు ఒకటి గమనించండి, గవర్నమెంట్ అంటే మనం ఒకే ఒక పెద్ద కస్టమర్ అనుకుంటాం గానీ అది వేల మంది చిన్న చిన్న కస్టమర్ల గుంపు. యూరోపియన్ యూనియన్‌లోనే దాదాపు రెండున్నర లక్షల ప్రభుత్వ సంస్థలు కొనుగోళ్ళు చేస్తాయి, ఆ ఖర్చు వాళ్ళ జీడీపీలో సుమారు 14 శాతం. అందులో స్కూళ్ళు, లైబ్రరీలు, చిన్న మున్సిపాలిటీలు, ఆస్పత్రులు అన్నీ ఉంటాయి, వీటిల్లో చాలావాటికి కావాల్సింది మీలాంటి యూనిట్ చేయగలిగిన సైజు పనే. పేపర్లో వచ్చే టెండర్లు పెద్దవి కాబట్టి అవే కనబడతాయి, చిన్నవి ఆ సంస్థ సొంత పోర్టల్లోనో కొటేషన్ పద్ధతిలోనో నడిచిపోతుంటాయి. మొదలుపెట్టాల్సింది అక్కడ.

రెండోది, చాలా దేశాలు చిన్నవాళ్ళ కోసం చట్టంలోనే కొంత చోటు పెట్టాయి. అమెరికాలో 1953 నాటి స్మాల్ బిజినెస్ యాక్ట్ ఉంది, ఇప్పుడు ఫెడరల్ ప్రైమ్ కాంట్రాక్టుల (అంటే కేంద్ర ప్రభుత్వం నేరుగా ఇచ్చేవాటి) విలువలో 23 శాతం చిన్న కంపెనీలకి వెళ్ళాలని టార్గెట్. జపాన్‌లో 1966 నుంచి ఇలాంటి చట్టం ఉంది. ఇండియాలో 2012 నాటి ప్రొక్యూర్‌మెంట్, అంటే ప్రభుత్వ కొనుగోళ్ళ పాలసీ ప్రకారం కేంద్ర శాఖలూ ప్రభుత్వరంగ సంస్థలూ తమ కొనుగోళ్ళలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలి, ధరావత్తు, అంటే బిడ్‌తో పాటు పెట్టే డిపాజిట్, కట్టే పని లేదు, టెండర్ డాక్యుమెంట్లు ఫ్రీ. కాకపోతే ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది, ఈ పాలసీ వర్తించేది సరుకు తయారుచేసేవాళ్ళకి, సర్వీసు ఇచ్చేవాళ్ళకే, కొని అమ్మే ట్రేడర్లకి కాదు. చిన్న సంస్థగా రిజిస్ట్రేషన్ కార్డు ఉంది కదా అని ట్రేడర్లు ధరావత్తు కట్టకుండా బిడ్ వేస్తే మొదటి రౌండ్‌లోనే పోతుంది.

ఇక ఫిక్సింగ్ సంగతి. ఒకే కంపెనీ మోడల్ చూసి దించినట్టు స్పెసిఫికేషన్ రాసిన టెండర్లు నేను చూశాను, లేవని ఎలా అంటాను. సైజు మిల్లీమీటర్లతో సహా ఒకే బ్రాండ్‌కి సరిపోతుంటే, గడువు మరీ తక్కువ ఇస్తే అనుమానించాల్సిందే. అప్పుడు ఊరుకోకుండా ప్రీబిడ్ క్వెరీల, అంటే బిడ్ వేసేముందు అడిగే ప్రశ్నల గడువు లోపల "ఈ కొలత ఎందుకు అవసరం, దీనికి సమానమైనది ఒప్పుకుంటారా" అని రాతపూర్వకంగా అడగండి. ఆ ప్రశ్న, దానికి జవాబు బిడ్డర్లందరికీ వెళ్తాయి, ఫైల్లో ఉండిపోతాయి. ఆఫీసు లోపల కూర్చుని చూసినవాడిగా చెప్తున్నా, ఫోన్లో చేసిన కంప్లైంట్ ఎవరూ పట్టించుకోరు గానీ రాసిన ప్రశ్నకి మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబివ్వాలి, ఆ సంతకం దగ్గరే చాలా క్లాజులు మారతాయి.

ప్రశ్న: నమస్తే అండీ, నేను యూనిఫామ్‌లు కుట్టే యూనిట్ నడుపుతాను. పని చేయగలం, మెషీన్లున్నాయి, మనుషులున్నారు. కానీ ప్రతి టెండర్‌లో ఇంత టర్నోవర్ ఉండాలి, ఇంతకు ముందు ఇలాంటి పని మూడు చేసి ఉండాలి అంటున్నారు. గవర్నమెంట్ పని చేస్తేనే గవర్నమెంట్ పని ఇస్తామంటే మొదటిది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మీరడిగింది ఒక్కరి ప్రశ్న కాదు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిల్లో ఇదే బాధ. ఇది న్యాయమైన బాధ కూడా.

ముందు ఆఫీసు వైపు నుంచి ఎందుకలా పెడతారో చెప్తా. కొనే ఆఫీసర్‌కి భయం, రేపు సప్లయర్ మధ్యలో చేతులెత్తేస్తే ఆడిట్‌లో అడిగేది తననే, అందుకని టర్నోవర్ ఎంత ఎక్కువ పెడితే అంత సేఫ్ అనుకుంటాడు. చాలాసార్లు లెక్క కూడా ఉండదు, పాత టెండర్ ఫైల్ తీసి అందులో అంకె అలాగే కాపీ చేసేస్తారు. ఈ అలవాటుని ఆపడానికే యూరప్‌లో 2014 నాటి ప్రొక్యూర్‌మెంట్ డైరెక్టివ్‌లో ఒక పరిమితి పెట్టారు, అడిగే వార్షిక టర్నోవర్ ఆ కాంట్రాక్ట్ అంచనా విలువకి రెండింతలు మించకూడదు, మించితే తగిన కారణం రాసి చూపించాలి. అలాగే పెద్ద పనిని ముక్కలుగా, అంటే లాట్లుగా విడగొట్టకపోతే ఎందుకు విడగొట్టలేదో రాయాలి. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరి 24 నుంచి అమల్లోకొచ్చిన కొత్త ప్రొక్యూర్‌మెంట్ చట్టంలో ఇంకో రెండు మంచి సంగతులు ఉన్నాయి, చట్టప్రకారం ఆడిట్ అవసరం లేని చిన్న కంపెనీని ఆడిట్ చేసిన లెక్కలే తెమ్మని అడగకూడదు, పని ఇంకా చేతికి రాకముందే ఇన్సూరెన్స్ తీసి ఉండాలని పట్టుబట్టకూడదు. ఇండియాలో కూడా క్వాలిటీకి లోటు రాకుండా చిన్న సంస్థలకీ స్టార్టప్‌లకీ పాత టర్నోవర్, అనుభవం షరతులు సడలించొచ్చని ఉత్తర్వులు ఉన్నాయి. సడలించొచ్చు అంటే అది ఆఫీసు ఇష్టం అన్నమాట, కాబట్టి టెండర్ డాక్యుమెంట్‌లో ఆ మాట ఉందో లేదో చూస్కోవాలి, లేకపోతే అడగాలి.

మీరిప్పుడు చేయగలిగినవి నాకు కనబడేవి చెప్తా.

లాట్లున్న టెండర్లు వెతకండి. మొత్తం యూనిఫామ్‌లు ఒకే ఆర్డర్‌గా ఉన్న టెండర్ వదిలేసి సైజుల వారీగానో ప్రాంతాల వారీగానో విడిగా పెట్టినది పట్టుకోండి, ఒక్క లాట్‌కే వేయండి.

ఇంకో ఇద్దరితో కలిసి కన్సార్షియంగా వేయొచ్చు, చాలాచోట్ల భాగస్వాములందరి టర్నోవరూ కలిపి చూస్తారు. యూరప్‌లో అయితే వేరే సంస్థ అనుభవాన్ని ఆధారంగా చూపించుకునే హక్కు కూడా ఉంది, ఆ సంస్థ తన మనుషుల్నీ మెషీన్లనీ మీ పనికి నిజంగా ఇస్తానని రాసివ్వాలి అంతే. అయితే కన్సార్షియం పెట్టుకునేముందు ఎవరెంత పని, ఎవరికెంత డబ్బు, ఒకరు ఆగిపోతే బాధ్యత ఎవరిది, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి, స్నేహం ఉంది కదా అని వదిలేయొద్దు. చాలా దేశాల్లో కన్సార్షియం అంటే పని మొత్తానికీ అందరూ బాధ్యులే, మీ వంతు మీరు సరిగ్గా చేసినా అవతలివాడి తప్పుకి, పని సరిగ్గా చేస్తామని మీరు కట్టిన గ్యారంటీ కూడా పోతుంది.

అనుభవం అనే మాటని మీరు చిన్నగా అర్థం చేసుకుంటున్నారేమో కూడా చూడండి. టెండర్‌లో "ఇలాంటి పని" అని ఉంటే అది గవర్నమెంట్ పనే కానక్కర్లేదు, ప్రైవేట్ స్కూలుకో ఫ్యాక్టరీకో ఆస్పత్రికో ఇచ్చినా పనికొస్తుంది, "ప్రభుత్వ సంస్థలకి" అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప. అందుకని ఈ రోజు నుంచీ ప్రతి కస్టమర్ దగ్గరా పని పూర్తయినట్టు సర్టిఫికెట్ తీసుకోండి, అందులో ఎన్ని పీసులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ, టైముకి ఇచ్చారా లేదా, ఇవన్నీ ఉండాలి. "బాగా చేశారు, సంతృప్తిగా ఉంది" అని రాసిచ్చిన లెటర్లు నేను వందల్లో చూశాను, అంకె లేని లెటర్‌కి మార్కు వేయడానికి నాకెక్కడా చోటు దొరికేది కాదు.

నేను ఆఫీసులో ఉన్నప్పుడు జరిగింది ఒకటి చెప్తా. ఒక ఫర్నిచర్ టెండర్‌లో గత మూడేళ్ళూ కాంట్రాక్ట్ విలువకి ఐదింతల టర్నోవర్ అడిగారు. ఒక చిన్న వర్క్‌షాప్ ఆవిడ రెండే లైన్లలో క్వెరీ పంపింది, "పని విలువ ఇంత, అడిగిన టర్నోవర్ అంత, ఈ నిష్పత్తికి ఆధారం ఏంటో తెలియజేయగలరు" అని. మా సెక్షన్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే అది పాత ఫైల్ నుంచి వచ్చిన అంకె. నాలుగు రోజుల్లో సవరణ వచ్చింది, రెండింతలకి తగ్గించారు. ఆ టెండర్ ఆవిడకి రాలేదు గానీ ఆ తర్వాత అదే ఆఫీసు వేసిన టెండర్లన్నిట్లో ఆ అంకే కొనసాగింది, మూడోసారికి ఆవిడకి వచ్చింది.

ప్రశ్న: మాది క్లీనింగ్ సర్వీస్. ఒక ఆఫీసుకి మూడేళ్ళు పనిచేశాం, ఒక్క కంప్లైంట్ లేదు, అక్కడి స్టాఫ్ అందరికీ మేమంటే గౌరవం. మళ్ళీ టెండర్ వేస్తే టెక్నికల్ మార్కుల్లో వెనకపడ్డాం, కొత్తవాళ్ళకి వచ్చింది. మా పని చూసినవాళ్ళే మాకు మార్కులు తక్కువ వేశారంటే చాలా బాధగా ఉంది.

బాధ అర్థమవుతోందండీ, మూడేళ్ళు కష్టపడ్డాక ఇలా అయితే ఎవరికైనా మనసు విరుగుతుంది. అయినా వాళ్ళు మిమ్మల్ని తక్కువ చూసి ఉండరు అనే అనుకుంటున్నా, బిడ్డులో రాసినదానికే మార్కులు వేస్తారు తప్ప మూల్యాంకనం చేసేవాళ్ళకి తాము కళ్ళతో చూసినదానికి వేసే అధికారం సాధారణంగా ఉండదు, వేస్తే మిగతా బిడ్డర్లు కోర్టుకి వెళ్తారు. పాతవాళ్ళు ఓడిపోయేది తరచుగా ఇక్కడే, "మమ్మల్ని తెలుసు కదా" అని నాలుగు లైన్లు రాసి వదిలేస్తారు, కొత్తవాళ్ళు భయంతో అన్నీ రాస్తారు.

మీ బిడ్ నేను చూడలేదు గానీ ఇలాంటివి చాలా చూశాను కాబట్టి ఒక ఉదాహరణ రాస్తా. ప్రశ్న ఏమో "సిబ్బంది రానప్పుడు పని ఆగకుండా ఏం చేస్తారు" అని ఉంటుంది, దానికి పది మార్కులు. సాధారణంగా రాసేది: "మాకు అనుభవజ్ఞులైన సిబ్బంది ఉన్నారు, పనికి ఎలాంటి అంతరాయం కలగనివ్వం." దీనికి పదికి మూడు వస్తే ఎక్కువ. ఇలా రాస్తే చూడండి: "ప్రతి షిఫ్ట్‌కి ఎనిమిది మంది, అదనంగా ఇద్దరు రిజర్వ్. ఉదయం ఆరింటికి సూపర్‌వైజర్ హాజరు తీసుకుంటారు, ఎవరైనా రాకపోతే ఆరుంబావు లోపు రిజర్వ్ మనిషికి కబురు, ఏడింటికల్లా సైట్‌లో ఉంటారు. పోయిన ఏడాది ఇదే పద్ధతిలో నడిచాం, హాజరు రిజిస్టర్ సారాంశం జతపరిచాం." మీరు మూడేళ్ళుగా చేస్తున్నది ఇదే అయ్యుంటుంది, రాయలేదు అంతే.

ఎందుకు ఓడిపోయారో తెలుసుకునే హక్కు చాలా దేశాల్లో ఉంది, అది వాడుకోండి. అమెరికాలో చర్చల పద్ధతిలో నడిచే ఫెడరల్ టెండర్లలో ఫలితం తెలిసిన మూడు రోజుల్లోపు రాతపూర్వకంగా అడిగితే డీబ్రీఫింగ్, అంటే మీ బిడ్ ఎందుకు ఓడిందో వివరణ, ఇస్తారు. యూరప్‌లో ఫలితం చెప్పాక కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు కనీసం పది రోజులు ఆగాలి, ఆ గడువు ఉన్నదే ఓడినవాళ్ళు అడగడానికి. బ్రిటన్‌లో ఇప్పుడు ప్రతి బిడ్డర్‌కీ తన మార్కుల వివరం రాసి ఇవ్వాలి. గొడవపెట్టుకోవడానికి అడుగుతున్నట్టు కాకుండా ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులు, గెలిచినవాళ్ళు దేంట్లో మెరుగ్గా ఉన్నారు అని అడగండి. ఆ కాగితం మీ తర్వాతి బిడ్‌కి పాఠ్యపుస్తకం.

ప్రశ్న: మొదటి ఆర్డర్ ఎలాగైనా రావాలని ఖర్చు కన్నా తక్కువకి కోట్ చేద్దామనుకుంటున్నాం. తర్వాత మెల్లగా రేటు పెంచుకోవచ్చు కదా?

చేయకండి. ప్రైవేట్ కస్టమర్ దగ్గర తర్వాత కూర్చుని మాట్లాడి పెంచుకోవచ్చేమో, ఇక్కడ రేటు మార్పు క్లాజు ముందే కాంట్రాక్ట్‌లో ఉంటే తప్ప ఆఫీసర్‌కి ఇష్టమున్నా పెంచలేడు. పైగా మరీ తక్కువ కోట్ చేస్తే యూరప్ రూల్స్‌లో సంజాయిషీ అడగాల్సిందే, సరిగ్గా చూపించకపోతే బిడ్ తీసేయొచ్చు. మధ్యలో పని ఆపితే గ్యారంటీ జప్తు, బ్లాక్‌లిస్ట్, దాని మచ్చ మిగతా అన్ని టెండర్లకీ అంటుకుంటుంది.

రేట్ షీట్ నింపేటప్పుడు ఇంకో జాగ్రత్త. యూనిట్ రేటుకీ మొత్తానికీ పొంతన లేకపోతే చాలా టెండర్లలో యూనిట్ రేటునే సరైనదిగా తీసుకుంటారు, అంకెల్లో ఒకటి అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్క. ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచే పనుల టెండర్ డాక్యుమెంట్లలో కూడా ఇదే పద్ధతి. అంకె ఒక్కటి తప్పు పడితే మీరు ఏడాదంతా ఆ రేటుకే ఇవ్వాల్సొస్తుంది. అప్‌లోడ్ చేసేముందు ఆ షీట్ తయారుచేయని ఇంకో మనిషితో చెక్ చేయించండి.

ప్రశ్న: సర్, ఫర్నిచర్ సప్లై ఆర్డర్ వచ్చింది, టైముకి ఇచ్చాం, ఐదు నెలలైంది డబ్బు రాలేదు. ఫోన్ చేస్తే బిల్లు పైకి వెళ్ళింది అంటారు. జీతాలకి వడ్డీకి తెచ్చి ఇస్తున్నా. వడ్డీ అడిగితే మళ్ళీ ఆర్డర్ ఇవ్వరేమోనని భయం. ఏం చేయాలి?

ఈ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఎన్నో మంచి యూనిట్లు పని లేక మూతపడలేదు, చేసిన పనికి డబ్బు రాక మూతపడ్డాయి.

మీ విషయంలో ముందు తెలుసుకోవాల్సింది, బిల్లు ఎక్కడ ఆగింది అనేది. "పైకి వెళ్ళింది" అనేది జవాబు కాదు. సరుకు స్టోర్స్‌లో దిగాక తనిఖీ చేసి సంతకం పెట్టాలి, ఆ రశీదు బిల్లుకి జతవ్వాలి, బిల్లులో ఆర్డర్ నంబరు సరిగ్గా ఉండాలి, బడ్జెట్ హెడ్‌లో డబ్బుండాలి, అప్పుడు అకౌంట్స్‌కి వెళ్తుంది. నేను చూసినంతలో ఎక్కువ బిల్లులు ఆగేది తనిఖీ దగ్గరే, సరుకు వాడుకుంటూనే ఉంటారు గానీ ఎవరూ సంతకం పెట్టరు, సంతకం పెట్టని సరుకు రికార్డు ప్రకారం వచ్చినట్టే కాదు. కాబట్టి ఈ రోజే మెయిల్ పెట్టండి: సరుకు అందిన తేదీ ఇది, చలానా నంబరు ఇది, తనిఖీ రిపోర్ట్ ఏ తేదీన ఇచ్చారు, బిల్లు ప్రస్తుతం ఏ సెక్షన్‌లో ఉంది, ఏదైనా అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా తెలపండి. ఇలా రాస్తే బంతి వాళ్ళ కోర్టులో పడుతుంది.

గడువు సంగతి. అమెరికాలో 1982 నాటి ప్రాంప్ట్ పేమెంట్ యాక్ట్ ప్రకారం ఫెడరల్ ఏజెన్సీలు మామూలుగా 30 రోజుల్లో చెల్లించాలి, దాటితే మీరు అడగకుండానే వడ్డీ కలపాలి. యూరప్‌లో 2011 నాటి డైరెక్టివ్ ప్రకారం ప్రభుత్వ సంస్థలకి 30 రోజులు, ఆరోగ్య సేవల్లాంటి కొన్ని సందర్భాల్లో 60 దాకా, దాటితే యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు మీద కనీసం 8 శాతం పాయింట్లు కలిపి వడ్డీ. ఇండియాలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఆ చట్టంలోనే ఇంకో సంగతి చాలామందికి తెలియదు, సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఈ బకాయిల గొడవలు తేల్చే కౌన్సిల్‌కి వెళ్ళి అవార్డు, అంటే తీర్పు, తెచ్చుకుంటే, దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే కొన్న సంస్థ ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. మధ్యతరహా సంస్థలకి మాత్రం ఈ రక్షణ లేదు.

వడ్డీ అడిగితే ఆర్డర్ ఇవ్వరేమో అన్న మీ భయం ఉత్తి భయమే అని నేను చెప్పను, కొన్నిచోట్ల అలా జరుగుతుంది. అందుకని నేను ఒక వరస పాటించమంటా. ముందు మామూలు రిమైండర్, తర్వాత గడువు దాటిన తేదీ, చట్టం పేరు రాసి, వడ్డీ హక్కు మాకు ఉందని గుర్తుచేస్తూ ఇంకోటి పై ఆఫీసర్‌కి కాపీతో, అప్పటికీ రాకపోతే ఫిర్యాదు. రెండో లెటర్‌తోనే కదిలిన బిల్లులు చాలా ఉన్నాయి, ఎందుకంటే వడ్డీ పడితే ఎవరి ఆలస్యం వల్ల పడిందో ఆడిట్ అడుగుతుంది. ఐదు నెలలు ఆగినవాళ్ళు మూడో మెట్టు ఎక్కడానికి మొహమాటపడక్కర్లేదు, అది మీ కష్టార్జితం.

ఇక ముందు టెండర్ల కోసం ఒక లెక్క చూడండి, ఇది ప్రతి చిన్న కంపెనీ బిడ్ వేసేముందు వేసుకోవాలి. నెలకి 100 విలువ చేసే సర్వీస్ పని అనుకుందాం, మీ ఖర్చు 88, మిగులు 12. నెలాఖరుకి బిల్లు పెడతారు, తనిఖీకి 14 రోజులు పడుతుంది, ఆ తర్వాత 30 రోజులకి డబ్బు. అంటే మొదటి 100 మీ చేతికి వచ్చేది 74వ రోజున, ఈలోగా మీరు జీతాలకి, సరుకుకి పెట్టింది సుమారు 217. ఇది అంతా రూలు ప్రకారం టైముకి జరిగితే, ఒక్క రోజు కూడా ఎవరూ లేట్ చేయకపోతే. నెలకి 12 మిగిలే పనికి 217 చేతిలో ఉండాలి, దాని మీద బ్యాంకు వడ్డీ పోనూ ఏం మిగులుతుందో చూస్కోండి. ధరావత్తు, పెర్ఫార్మెన్స్ గ్యారంటీ కోసం బ్యాంకులో ఇరుక్కునే డబ్బు దీనికి అదనం. ఈ లెక్క సరిపోకపోతే ఆ టెండర్ ఎంత ఊరించినా వదిలేయండి, లేదా నెలకి రెండుసార్లు బిల్లు పెట్టుకోవచ్చా, అడ్వాన్స్ ఉందా అని ప్రీబిడ్‌లోనే అడగండి. గెలిచాక అడిగితే కుదరదు.

ప్రశ్న: పెద్ద కంపెనీ ఒకటి మా పేరు, మా సర్టిఫికెట్లు బిడ్‌లో చూపించి కాంట్రాక్ట్ గెలిచింది. ఇప్పుడు పని వేరేవాళ్ళకి ఇచ్చింది. ఏమైనా చేయగలమా?

ముందే రాతపూర్వక ఒప్పందం లేకపోతే కష్టమండీ, దాచకుండా చెప్తున్నా. అయినా ఒక దారి ఉంది, మీ అర్హత చూసే మార్కులు పడ్డాయి కాబట్టి కొన్న ఆఫీసుకి ఆ విషయం రాయండి, చాలా కాంట్రాక్టుల్లో బిడ్‌లో చూపించిన సబ్ కాంట్రాక్టర్‌ని మార్చాలంటే ఆఫీసు అనుమతి కావాలి. అమెరికాలో సబ్ కాంట్రాక్టింగ్ ప్లాన్ ఉన్న పెద్ద కంపెనీ, బిడ్ తయారుచేయడానికి వాడుకున్న చిన్న కంపెనీకి పని ఇవ్వకపోతే కొన్న ఆఫీసుకి కారణం రాసి ఇవ్వాలి. ఇకముందు మీ సర్టిఫికెట్ ఎవరికైనా ఇచ్చేముందు, గెలిస్తే పనిలో ఎంత వంతు, ఏ రేటుకి, ఎన్ని రోజుల్లో డబ్బు అనేది సంతకాలతో తీసుకోండి. పైనుంచి వాళ్ళకి డబ్బు వచ్చాకే మీకిస్తామనే క్లాజు ఉంటే ఒప్పుకోవద్దు. బ్రిటన్‌లో అయితే 30 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న రూలుని కింది సబ్ కాంట్రాక్టర్ల దాకా చట్టమే తీసుకొచ్చింది.

ప్రశ్న: రేట్ కాంట్రాక్ట్‌లో మా పేరు ఎక్కింది, స్వీట్లు పంచుకున్నాం. ఏడాదైంది, ఒక్క ఆర్డర్ రాలేదు.

రేట్ కాంట్రాక్ట్ అంటే రేటు ముందే ఖాయం చేసి పెట్టుకున్న సప్లయర్ల లిస్టు, ఆ లిస్టులో పేరు ఉండటం అంటే అమ్మడానికి అనుమతి వచ్చినట్టు, అమ్మకం అయినట్టు కాదు. లిస్టు వాడుకునే హక్కున్న ఆఫీసులు ఏవో ఆ డాక్యుమెంట్‌లోనే ఉంటాయి, వాటిలో పది ఎంచుకుని ఒక్కోదానికి మీ కేటలాగ్, ఆర్డర్ ఎలా పెట్టాలో ఒక పేజీ పంపండి. చాలామంది ఆఫీసర్లకి మీరు లిస్టులో ఉన్నట్టు కూడా తెలియదు. ఇంకా కనీస ఆర్డర్ గ్యారంటీ ఏమీ లేదని రాసి ఉంటే, దాన్ని నమ్ముకుని కొత్త మెషీన్ కొనొద్దు.

ప్రశ్న: ఐటీ సపోర్ట్ ఇస్తాం. కాంట్రాక్ట్‌లో లేని పనులు ఆఫీసర్ నోటితో చెప్తుంటారు, "చేసేయండి, తర్వాత చూద్దాం" అంటారు. కాదంటే బాగోదు, చేస్తే బిల్లులో ఒప్పుకోరు. ఎలా డీల్ చేయాలి?

ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, మాట మీద నిలబడాలనే అనుకుంటుండొచ్చు, కానీ ఆర్నెల్లలో ట్రాన్స్‌ఫర్ అయిపోతే ఆ మాట కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది, కొత్తగా వచ్చినాయన ఫైల్ తెరిచి చూస్తే మీ ఎక్స్‌ట్రా పని ఎక్కడా ఉండదు. కాదనక్కర్లేదు, గొడవ అక్కర్లేదు. మాట్లాడి బయటికొచ్చిన అరగంటలో ఆయనకే ఒక మెయిల్ పెట్టండి, నేను మా వాళ్ళందరి చేతా రాయించేది ఇది, కావాలంటే అలాగే వాడుకోండి:

"నమస్కారం సర్. ఈ రోజు మీరు చెప్పిన ప్రకారం రెండో అంతస్తులో ఆరు కంప్యూటర్లకి కనెక్షన్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఇది ప్రస్తుత ఆర్డర్‌లో లేదు కాబట్టి దీనికి మా రేటు, పట్టే రోజులు జతపరిచాం. మీ ఆమోదం ఈ మెయిల్‌కి రిప్లైగా వచ్చిన వెంటనే, లేదా సవరణ ఆర్డర్ అందిన వెంటనే, మర్నాడు ఉదయమే పని మొదలుపెడతాం."